తప్పొప్పులకూ ఒక చరిత్ర ఉంది

తెలుగు మాట్లాడేవాళ్ళకే తెలుగు రాయడం రావడం లేదన్న ఫిర్యాదు ఈమధ్య తరచు వినవస్తోంది. హోటలు బోర్డు మీద 'శాఖాహారం', సన్మానం ఫ్లెక్సీ మీద 'అభినంధనలు', సెల్‌ఫోనులో వచ్చే సందేశాల్లో 'భాద', 'సంధర్భం', 'ప్రార్ధన'. శాకం అంటే కూర, శాఖ అంటే కొమ్మ. కనక మన హోటళ్ళు కొమ్మలు వడ్డిస్తున్నాయని పండితులు ఎగతాళి చేస్తున్నారు. మరోవైపు మన అభ్యుదయ శిబిరంలోనే కొందరు మిత్రులు, వర్ణక్రమం పండితుల పట్టింపు మాత్రమేననీ, గిడుగు ఆనాడే దాన్ని తోసిపుచ్చారనీ, అర్థమైతే చాలుననీ వాదిస్తున్నారు. ఈ రెండు వాదనలూ చరిత్రను పట్టించుకోనివే. 'తప్పు' అనే ఒక్క మాట కింద మనం మూడు వేరువేరు విషయాలను కలిపేస్తున్నాం. వాటిని విడదీసి చూడడం రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ అవసరం.

మొదటిది, భాష మారడం వల్ల వచ్చే తేడా. నోరు ముందు నడుస్తుంది, లిపి వెనక నడుస్తుంది. తొలినాటి శాసనాల్లో 'ఴ' అనే అక్షరం ఉండేది. ఆ ధ్వని పలుకులోంచి పోయాక అక్షరమూ పోయింది. నన్నయ కాలంలో ర, ఱ వేరువేరు ధ్వనులు కనక ప్రాసలో కలిసేవి కావు. అవి ఒకటైపోయాక ఏ మాటలో బండి ర ఉందో చెవి చెప్పలేకపోయింది. అప్పుడు లక్షణ గ్రంథాలను చూసి నేర్చుకోవలసి వచ్చింది. శాసనాల్లో 'ధర్మ్మ', 'కీర్త్తి' అని చెక్కడం మామూలు. ఇవాళ పిల్లవాడు అలా రాస్తే ఎర్రసిరా పడుతుంది. క్రొత్త, ప్రొద్దు, క్రింద అన్నవి ఒప్పుగా, కొత్త, పొద్దు, కింద అన్నవి గ్రామ్యంగా చలామణి అయిన రోజులున్నాయి. ఇప్పుడు కొత్తను తప్పనే ధైర్యం ఎవరికుంది? నిన్నటి తప్పుల్లో కొన్ని ఇవాళ్టి ఒప్పులయ్యాయి. వాటిని ఒప్పు చేసింది వ్యాకరణం కాదు, జనం.

రెండోది, తప్పే కాకపోయినా తప్పుగా ముద్రపడినది. 'ఏడు' అంటే సంఖ్య. అరసున్నతో 'ఏఁడు' అంటే సంవత్సరం. ఆ అరసున్న ఒకప్పటి నిండుసున్న మిగిల్చిన గుర్తు. కోస్తా నోట 'పదేళ్ళు' అయినచోట తెలంగాణ నోరు 'పదేండ్లు' అంటుంది, ఆ పాత సున్నను ఇంకా నిలుపుకొంటుంది. కానీ మొన్నటిదాకా బడిలో 'పదేండ్లు', 'చేసిండు' అని రాసిన తెలంగాణ పిల్లవాడికి మార్కులు తగ్గేవి. పండితులు పోగొట్టుకున్నదాన్ని దాచిపెట్టిన పిల్లవాడికి పడిన శిక్ష అది. కాళోజీ జీవితమంతా ఈ అవమానం మీద నిలదీశారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం 2014లో రాష్ట్రం వచ్చాకే సాధ్యమైంది.

'చేశాడు', 'చేసాడు' తగాదా కూడా ఈ కోవలోదే. 'చేసినాడు' కుదించుకుపోయినప్పుడు అందులోని 'సి' పలుకులో 'శ' అయింది. చెవిని నమ్మినవారు 'శ' రాస్తున్నారు, ధాతువును నమ్మినవారు 'స' రాస్తున్నారు. ఇందులో ఎవరూ నిరక్షరాస్యులు కారు.

మూడోదే అసలు సమస్య. నా తరగతిలో ఒక పిల్లవాడు సెలవు చీటీలో వాళ్ళమ్మకు కడుపులో 'భాద'గా ఉందని రాశాడు. నిర్లక్ష్యమైతే 'బాద' అని ఊరుకునేవాడు. ఆ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉందని వాడికి తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఎందుకైనా మంచిదని మొదటి అక్షరానికే తగిలించాడు. 'సంధర్భం', 'అభినంధనలు' కూడా ఇలా పుట్టినవే. ఇవి భయపడ్డవాడు చేసే తప్పులు.

ఆ భయం ఎక్కడిది? చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఆరంభంలోనే సంస్కృతానికి యాభై వర్ణాలు, తెలుగుకు ముప్పైఆరు అని లెక్క తేల్చింది. ఆ ముప్పైఆరులో ఖ, ఘ, థ, ధ, భలు లేవు. శ, షలూ లేవు. అవి తత్సమాలతో వచ్చిన అక్షరాలు. వాటిని పలకడం, వాటి తేడా వినడం సంస్కృతం చదివే ఇళ్ళల్లో తరతరాలుగా సాగిన శిక్షణ. ఆ గడపలు ఎవరికి తెరిచి ఉండేవో, ఎవరికి మూసి ఉండేవో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో వినని ధ్వనిని బడిలో కంటితో గుర్తుపెట్టుకోవాలి. ఆ భారం మొయ్యవలసింది మొదటితరం చదువరి. వాణ్ణి చూసి నవ్వేది, ఆ భారం ఎన్నడూ మొయ్యనివాడు.

ఇక గిడుగు పేరు చెప్పుకొని తప్పించుకునేవారి సంగతి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన మనిషి ఆయన. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథికమే పాఠ్యభాషగా ఉండాలని పట్టుబట్టినప్పుడు, మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ 1914లో అసమ్మతి పత్రం సమర్పిస్తే, గిడుగు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి పోరు సాగించారు. అయితే ఆయన ఆయుధం ఏమిటి? పండితుల గ్రాంథికాన్ని వాళ్ళు నమ్మిన వ్యాకరణం పక్కనే పెట్టి, ఒక్కొక్క తప్పూ ఎత్తిచూపడం. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' రాసిన మనిషికి వర్ణక్రమం పట్టదని ఎలా అంటాం? ఎవరూ మాట్లాడని భాషను పిల్లల నెత్తిన రుద్దవద్దన్నారే గాని, ఎలా రాసినా ఒకటేనని ఆయన అనలేదు.

ఆ ఉద్యమం పేరునే 'వ్యవహారిక' అని రాసేవారు మనలో ఉన్నారు. సమాజం నుంచి సామాజికం వచ్చినట్టు, వ్యవహారం నుంచి వచ్చేది వ్యావహారికం. గిడుగు పేరుతో అలసత్వాన్ని సమర్థించుకోవడం ఆయనకు అపచారం. అదే సమయంలో ఆయన 'శిష్ట వ్యావహారికం' అన్నప్పుడు ఆ శిష్టులెవరన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆచరణలో అది కోస్తా జిల్లాల్లో చదువుకున్న కులాల భాషగా స్థిరపడింది. ఇది ఆ ఉద్యమపు పరిమితి.

నిన్నమొన్నటిదాకా రచయిత రాతకూ పాఠకుడి కంటికీ మధ్య కంపోజిటరూ ప్రూఫ్‌రీడరూ ఉండేవాళ్ళు. పెద్ద రచయితల తప్పులు ఎన్నో వాళ్ళ చేతిలోనే ఆగిపోయాయి. ఇప్పుడు బడి వదిలాక కలం పట్టని ఆటో డ్రైవరూ, మేస్త్రీ, వంటింటి మనిషీ రోజూ ఫోనులో నాలుగు వాక్యాలు రాస్తున్నారు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల మీదుగా తెలుగులోకి వస్తున్నారు. 'త' కోసం అలవాటుగా 'టీ' పక్కన 'హెచ్' నొక్కితే 'థ' పడుతుంది, మనస్తత్వం కాస్తా 'మనస్థత్వం' అవుతుంది. తప్పులు పెరిగినట్టు కనిపించడానికి ఒక కారణం, రాసేవాళ్ళు పెరగడం. ఇది మనం సంతోషించవలసిన మార్పు.

అయితే సంతోషించి ఊరుకుంటే చాలదు. అర్థం వేరు, అర్ధం వేరు. మొదటిది భావం, రెండోది సగం. కళ్ళు వేరు, కల్లు వేరు. ఈ తేడాలు పోతే నష్టపోయేది మొదట బీదవాడే. అక్షరదోషం ఉన్న దరఖాస్తును గుమాస్తా చులకనగా పక్కన పడేస్తాడు, పరీక్షలో మార్కు పోతుంది. ఉన్నవాడి పిల్లవాడు ఇంగ్లీషులో నెగ్గుకొస్తాడు. 'పోనీలే' అనడం ఉదారంగా కనిపించినా, ఆచరణలో పేద పిల్లవాడికి అందవలసిన చదువును అందకుండా చేస్తుంది.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి ప్రజల భాష మన నినాదం. ఆ నినాదానికి ఇవాళ్టి అర్థం ఇది: మారిన మాటను ఒప్పుకోవాలి, ప్రాంతం మాటను గౌరవించాలి, తెలియని అక్షరాన్ని నవ్వకుండా నేర్పాలి. ఆ సెలవు చీటీ మీద నేను ఎర్రసిరా వెయ్యలేదు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని 'బాధ', 'బోధ', 'సాధన' మూడూ రాయించాను, ఒత్తు ధకారానికే పడుతోందని వాడే కనిపెట్టాడు. పట్టింది రెండు నిమిషాలు. తర్వాత వాళ్ళమ్మకు ఎలా ఉందని అడిగాను.