కోడు రాసే కోడు: శాస్త్రీయ గణనలో రంగప్రత్యేక లైబ్రరీల చరిత్ర

ఒక శాస్త్రరంగపు లెక్కలకే పరిమితమై, వాటి గణిత వర్ణన నుంచి ఒక్కో యంత్రానికి తగిన ప్రోగ్రామును తనంతట తానే తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను రంగప్రత్యేక కోడు జనరేటరు అంటారు. ఈ జనరేటర్లూ, వాటికి ముందే వచ్చిన రంగప్రత్యేక లైబ్రరీలూ ఒకే అవసరం నుంచి పుట్టాయి. వాతావరణ నమూనా లాంటి ప్రోగ్రాము దశాబ్దాల పాటు వాడుకలో ఉంటుంది. దాన్ని నడిపే కంప్యూటరు మాత్రం కొన్నేళ్లకే మారిపోతుంది. కొత్త యంత్రంలో పాత ప్రోగ్రాము నడిస్తే చాలదు, వేగంగానూ నడవాలి. అసలు కష్టం ఈ రెండో షరతులోనే ఉంది. యంత్రం మారినా మారని గణితాన్ని విడిగా భద్రపరిచి, యంత్రానికి చెందిన కోడును ప్రతిసారీ దాని నుంచే కొత్తగా పుట్టించిన చోట ఈ షరతు బాగా నెరవేరిందని చరిత్ర చెబుతోంది.

1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బాకస్ బృందం అందించిన ఫోర్‌ట్రాన్ కంపైలరు, సూత్రం రాస్తే వేగవంతమైన యంత్రభాష తయారు చేయవచ్చని నిరూపించింది. అయితే యంత్రాల అంతర్నిర్మాణం మారేకొద్దీ ఒకే ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాము ఒకచోట పరుగెత్తి, మరోచోట నత్తనడక నడిచేది. దీనికి జవాబుగా 1979లో లాసన్, హాన్సన్, కిన్‌కెయిడ్, క్రోగ్ ప్రచురించిన బ్లాస్ అనే రేఖీయ బీజగణిత లైబ్రరీ 38 ఉపప్రోగ్రాముల పేర్లనూ వాడే తీరునూ స్థిరపరిచింది. లోపలి కోడు ఏ యంత్రానికి ఆ యంత్రానికి వేరుగా రాసుకోవచ్చు, దాన్ని పిలిచే ప్రోగ్రామును మాత్రం ముట్టుకోనక్కర్లేదు. 1990లో వచ్చిన మూడో స్థాయి బ్లాస్ మాత్రికల గుణకారాన్నే ఒక క్రియగా తీసుకుంది. వెయ్యి వరుసలు, వెయ్యి నిలువులు గల రెండు మాత్రికలను గుణించాలంటే సుమారు 200 కోట్ల కూడికలు, గుణకారాలు చేయాలి. అందులో పాల్గొనే సంఖ్యలు, ఫలితంతో కలిపి, 30 లక్షలే. మెమొరీ నుంచి ఒకసారి తెచ్చిన సంఖ్యను ప్రాసెసరుకు దగ్గరగా ఉండే చిన్న మెమొరీలో (క్యాష్‌లో) ఉంచుకుని పదేపదే వాడుకునే వీలు ఇక్కడుంది. 1992లో వెలువడిన లాప్యాక్ అనే రేఖీయ బీజగణిత లైబ్రరీ ఈ పునాది మీదే నిలిచింది.

అయినా ఆ లోపలి కోడును కొత్త ప్రాసెసరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చేత్తో రాయాల్సి వచ్చేది. ఆ పనిని కూడా యంత్రానికే అప్పగించే ప్రయత్నాలు 1990ల చివర ఫలించాయి. టెనెసీ విశ్వవిద్యాలయంలో క్లింట్ వేలీ, జాక్ డొంగారా రూపొందించిన అట్లాస్, తనను స్థాపించే యంత్రంలోనే రకరకాల కోడు రూపాలు తయారుచేసి, నడిపి, కాలం కొలిచి, వేగవంతమైనదాన్ని నిలుపుకునేది. ఎంఐటీలో మటేయో ఫ్రీగో, స్టీవెన్ జాన్సన్ చేసిన ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ ఫోరియర్ పరివర్తనకు ఇదే దారి చూపింది. అందులోని జెన్‌ఎఫ్‌ఎఫ్‌టీ అనే చిన్న కంపైలరును క్యామెల్ భాషలో రాశారు, అది సీ భాషలో కోడు ఇస్తుంది. అంతకుముందు ఎవరికీ తెలియని గణన పద్ధతులను సైతం అది కనిపెట్టిందని ఫ్రీగో 1999లో ప్రకటించాడు. బీజగణిత నియమాలు తెలిసిన జనరేటరు మనిషి వెతకని మూలల్లోనూ వెతకగలదనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

దీనికి మొదటి అభ్యంతరం: నేర్పరి చేత్తో రాసిన కోడును జనరేటరు మించలేదు కదా? ఇందులో నిజముంది. కజుషిగే గోటో అసెంబ్లీలో రాసిన గోటోబ్లాస్ అనేక ప్రాసెసర్ల మీద అట్లాస్‌ను వెనక్కి నెట్టింది. కానీ ఆ నేర్పు ఎక్కడ అవసరమో ఆ తర్వాత టెక్సస్ విశ్వవిద్యాలయంలో వచ్చిన బ్లిస్ తేల్చింది. యంత్రంతో ముడిపడిన భాగాన్ని కెర్నెల్ అనే ఒక చిన్న కోడు ముక్కకు కుదించి, మిగతాదంతా అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉంచింది. చేతిపని విలువ తగ్గలేదు, దాని చోటు ఇరుకైంది.

రెండో అభ్యంతరం: ఈ పనంతా సాధారణ కంపైలరే చేయాలి, రంగానికో పనిముట్టు ఎందుకు? 1993 నాటి హై పెర్ఫార్మెన్స్ ఫోర్‌ట్రాన్ ఆ ఆశతోనే వచ్చింది. కంపైలర్లు ఆశించిన వేగం ఇవ్వలేకపోవడంతో వాడుకరులు ప్రాసెసర్ల మధ్య సందేశాలు పంపుకునే ఎంపీఐ వైపు మళ్లారు. లూపులను మాత్రమే చూసే కంపైలరుకు వాటి వెనకున్న సమీకరణం కనబడదు. ఆ సమీకరణాన్ని దాదాపు పుస్తకంలో ఉన్నట్టే రాస్తే, పరిమిత మూలక పద్ధతికి కావలసిన కోడును 2003లో మొదలైన ఫెనిక్స్ తయారుచేస్తుంది. 2007లో వచ్చిన కూడా (CUDA) అనే ప్రోగ్రామింగ్ వేదిక గ్రాఫిక్స్ ప్రాసెసర్లను, అంటే జీపీయూలను, శాస్త్రీయ గణనకు తెరిచాక ఈ అవసరం మరింత పెరిగింది. స్విట్జర్లాండ్ వాతావరణ సంస్థ అప్పట్లో వాడిన కాస్మో నమూనాలో ప్రధాన భాగాన్ని స్టెల్లా అనే రంగప్రత్యేక భాషలో తిరగరాశారు. ఒక గడి విలువను పొరుగు గడుల విలువల నుంచి ఎలా లెక్కించాలో ఒకసారి రాస్తే చాలు. సీపీయూకు ఒక రకంగా, జీపీయూకు మరో రకంగా దత్తాంశాన్ని అమర్చడం స్టెల్లా పని. 2016 నాటికి ఆ సంస్థ రోజువారీ అంచనాలు జీపీయూల మీదే నడిచాయి.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. చిన్న భాషను కొద్దిమందే పోషిస్తారు, వారు విరమిస్తే దాని మీద కట్టిన నమూనా ఏమైపోవాలి? ఈ భయానికి కారణం లేకపోలేదు. అందుకే కొత్త పనిముట్లు పైథాన్ వంటి పెద్ద భాషల ఒడిలో పెరుగుతున్నాయి, కింది భాగానికి ఎల్‌ఎల్‌వీఎం, ఎంఎల్‌ఐఆర్ వంటి ఉమ్మడి కంపైలరు పునాదులను వాడుకుంటున్నాయి. మరోవైపు యంత్రాల వైవిధ్యం తగ్గడం లేదు. ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలోనే 2018 నాటి సమ్మిట్ సూపర్‌కంప్యూటరు ఎన్విడియా జీపీయూలతో, 2022 నాటి ఫ్రాంటియర్ ఏఎండీ జీపీయూలతో తయారయ్యాయి. నాలుగేళ్లకోసారి నమూనాను తిరగరాయడం ఏ శాస్త్రవేత్తల బృందానికీ సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల కొత్త నమూనా మొదలుపెట్టేవారు తమ సమీకరణాలను యంత్రపు వివరాల నుంచి మొదటి రోజే వేరు చేసి రాసుకోవాలి.