ముండ్లపొదకు రెండు పేర్లు

వంకాయ కోయబోయి ముచ్చిక ముల్లు గ్రుచ్చుకొని చేయి వెనుకకు తీసుకొనని ఇల్లాలు మన పల్లెలలో అరుదు. చేలగట్ల మీద నేలకు అంటుకొని ప్రాకి, ఆకు నిండ ముండ్లు నిలుపుకొని, పసుపుపచ్చని చిన్న కాయలు కాచే నేలములకను పశులకాపరులందరు ఎరుగుదురు. వాకుడు అనునదియు దాని పేరే. దశమూలములలో చేరిన కంటకారి ఇదియే. అందులోనే ఉన్న బృహతి దీని తోబుట్టువు. వంగ, ములక, బంగాళాదుంప, టమాటా - ఇవన్నియు సొలానమ్ అను ఒకే ప్రజాతికి చెందినవి. మిరప, పొగాకు, ఉమ్మెత్త కూడ ఈ కుటుంబములోనివే గాని కొంచెము దూరపు చుట్టములు. సొలానమ్ ప్రజాతిలో నేడు లెక్కకు వచ్చిన జాతులు వేయిన్ని రెండువందలకు పైబడినవి. ఒక్క ఇంటివారిలో అన్నము పెట్టేవారు, మందు ఇచ్చేవారు, విషము పెట్టేవారు కూడ ఉండుట ఈ కుటుంబపు విశేషము.

ఈ చుట్టములలో ఒకదాని కథను మనము నేడు చెప్పుకొందము. అది మన దేశపు మొక్క కాదు. కరిబియన్ సముద్రములోని ప్యూర్టోరికో ద్వీపములో తప్ప ప్రపంచములో మరెక్కడను సహజముగా మొలవని ముండ్లపొద. అక్కడివారు దానిని ఎరూబియా అందురు. శాస్త్రజ్ఞులు దానిని క్రొత్త జాతి అని ఒకసారి లోకమునకు చాటినారు. ఆ క్రొత్తదనము నూరేండ్ల తరువాత ఏమైనదో కూడ చూతము.

ముందుగా పేర్ల సంగతి కొంత చెప్పవలెను. మొక్కలకు రెండు మాటల లాటిను పేరు పెట్టు పద్ధతిని స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథముతో స్థిరపరచినాడు. ఆ సంవత్సరము మే 1వ తేదీయే నేటికిని మొక్కల పేర్లకు ఉగాది వంటిది. ఆనాటి నుండి ఒక జాతికి సక్రమముగా ప్రకటింపబడిన పేర్లలో మొదటిదే చెల్లును. తరువాత వచ్చినవి ఎంత ముద్దుపేర్లైనను త్రోసివేయబడును. ఆ మొదటి పేరు నిజము చెప్పవలెనను నియమము మాత్రము లేదు. ఇందుకు మన వాకుడే సాక్షి. లిన్నేయస్ దానికి వర్జీనియా దేశపు సొలానమ్ అని పేరు పెట్టినాడు. అమెరికాలోని వర్జీనియాతో ఆ ఆసియా మొక్కకు పుట్టు సంబంధమే లేదు. పొరపాటు తెలిసి ఎన్నాళ్ళో అయినది. అయినను పేరు పేరే. పురోహితుడు పొరపాటున పిలిచిన పేరే పిల్లవానికి స్థిరపడినట్లున్నది వ్యవహారము!

ఇక ద్వీపమునకు పోదము. ప్యూర్టోరికో అనగా స్పెయిను భాషలో సంపన్నమైన రేవు అని అర్థము. విస్తీర్ణము సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. 2022కు పూర్వపు మన కృష్ణాజిల్లా కంటె కొంచెము మాత్రమే పెద్దది. నడుమ తూర్పు పడమరలుగా కొండల వరుస. సముద్రము మీదినుండి ఈశాన్యముగా వీచు గాలులు ఉత్తరపు వాలులలో వానలు కురిసి, దక్షిణమునకు చేరునప్పటికి వట్టిపోవును. అందుచేత ఇంత చిన్న దీవిలోనే దట్టమైన తడి అడవియు, ముండ్లతో నిండిన ఎండు భూమియు ప్రక్క ప్రక్కన కానవచ్చును. కొలంబస్ 1493లో ఈ తీరమునకు వచ్చినాడు. 1508లో స్పెయినువారు కాపురములు పెట్టినారు, వారితో ఆవులు, గుర్రములు వచ్చినవి. అంతకు ముందు ఈ దీవిలో గిట్టలుగల పశువు లేదు. ఈ మాటను గుర్తుంచుకొనవలెను; మన కథలో ఆవుకు పెద్ద పాత్ర ఉన్నది.

స్పెయిను పాలనలో ఈ దీవి మొక్కలను పట్టించుకొన్నవారు చాలకాలము లేరు. 1797లో బోదాఁ నాయకత్వమున వచ్చిన ఫ్రెంచి నౌకలోని ప్రకృతిశాస్త్రజ్ఞులు కొన్ని నెలలు ఇక్కడ మొక్కలు సేకరించినారు. వారిలో ఒకడైన లెద్రూ ఆ యాత్రను గ్రంథముగా వ్రాసి 1810లో అచ్చువేయించినాడు. తరువాత ఆ దీవిబిడ్డడే అయిన అగుస్తీన్ స్తాల్ అను వైద్యుడు 1880 ప్రాంతములలో స్వదేశపు వృక్షసంపదను గూర్చి వ్రాయ పూనుకొన్నాడు. చుట్టును గ్రంథాలయములు లేక, పోల్చిచూచుటకు ఎండు నమూనాల నిధులు లేక, వైద్యము చేసికొనుచునే అంత పని చేసిన ఆయనకు రావలసినంత పేరు రాలేదని మా అభిప్రాయము.

పెద్ద పని జరిగినది బెర్లినులో. దాని వెనుక ఉన్నవాడు ఒక వర్తకుడు. లియోపోల్డ్ క్రూగ్ ప్యూర్టోరికోలోని మయాగెస్ రేవుపట్టణములో వ్యాపారము చేసి, జర్మనీ కాన్సలుగా ఉండి, ధనము గడించి 1876లో స్వదేశమునకు తిరిగిపోయినాడు. దీవి మీది మక్కువ మాత్రము తిరిగిపోలేదు. బెర్లిను వృక్షోద్యానములోని ఇగ్నాట్జ్ ఉర్బాన్ అను పండితునితో చేయి కలిపి, తన డబ్బుతో పౌల్ సింటెనిస్ అను సేకర్తను 1884లో ద్వీపమునకు పంపినాడు. సింటెనిస్ 1887 వరకు ఆ కొండలలోను తీరములలోను తిరిగినాడు. మొక్కను కోసి, కాగితముల నడుమ పరచి, బరువు పెట్టి, తడి కాగితములు మార్చుచు ఎండబెట్టవలెను. వానదేశములో ఇది ఎంత కష్టమో, వర్షాకాలములో అప్పడములు ఎండబెట్టిన మన ఇల్లాండ్రను అడిగిన చెప్పుదురు. ముండ్లమొక్క అయినచో కష్టము ఇంకొకటి: కాగితము చీలును, వ్రేళ్ళు చీరుకొనును. ప్రతి మొక్కకును ఒకటికి పది ప్రతులు చేసి, ఒకటి బెర్లినుకు, తక్కినవి ఇతర సంగ్రహాలయములకు పంచుట ఆనాటి పద్ధతి. ఈ పంపకమే తరువాత ఎంత మేలు చేసినదో ముందు చెప్పుదుము.

ఉర్బాన్ ఈ సంపదనంతయు ఆధారముగా చేసికొని వెస్టిండీసు మొక్కలపై తొమ్మిది సంపుటముల మహాగ్రంథమును 1898 నుండి 1928 వరకు వెలువరించినాడు. 1909 నాటి ఆరవ సంపుటములో ఓట్టో ఓయిగెన్ షుల్జ్ వెస్టిండీసు సొలానమ్‌లను వివరించినాడు. ఆవాల కుటుంబమును గూర్చి తరువాత ప్రామాణిక గ్రంథములు వ్రాసినవాడీయనే. మన పొద ఆ పుటలలోనే క్రొత్త జాతిగా ప్రకటితమైనది. ఆయన పెట్టిన పేరు సొలానమ్ డ్రిమోఫిలమ్. గ్రీకులో అడవిని ప్రేమించునది అని అర్థము. అడవిప్రియ అందము.

క్రొత్త జాతి అని ఎట్లు చెప్పుదురు? అంతకు ముందు తెలిసిన దేనితోను ఇది కలియదని చూపవలెను. ఆ సముద్రములోని దీవులలో దీనికి సమీప బంధువు ఒకటున్నది. లిన్నేయస్ 1753లోనే దానికి బహామా దీవుల పేర సొలానమ్ బహామెన్సె అని నామకరణము చేసినాడు. అది పలు దీవుల తీరములలో పెరుగును. ఒక చోట ముండ్లు మెండు, ఇంకొక చోట లేనేలేవు. ఆకు ఒక చోట సన్నము, ఇంకొక చోట వెడల్పు. ఇట్టి చపలచిత్తపు బంధువు ప్రక్కన నిలిచిన మొక్కను వేరు జాతి అనుటకు జాగ్రత్త కావలెను. ఎరూబియాకు పొడవైన సన్నని ఆకులు, ఆకు మీదను కొమ్మ మీదను సూదులవంటి ముండ్లు, ఈ ముండ్ల వంగలన్నిటికిని గుర్తైన నక్షత్రాకారపు నూగు ఉన్నవి. ఆ నూగు కంటికి ధూళివలె కనబడును గాని భూతద్దము క్రింద ఒక్కొక్క వెంట్రుకయు నక్షత్రమువలె కిరణములు విప్పును.

ముల్లు అన్నాము గాని శాస్త్రదృష్టిలో ఇది నిమ్మముల్లు వంటిది కాదు. నిమ్మముల్లు కొమ్మయే మార్పు చెంది అయినది. వంగముల్లు గులాబిముల్లు వలె పైచర్మము నుండి లేచినది. 2024లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, వంగ ఏ జన్యువు చెడుటచేత ముండ్లు పోగొట్టుకొన్నదో కనిపెట్టినారు. ఆ జన్యుకుటుంబమునకు శాస్త్రజ్ఞులు ఒంటరివాడు అని అర్థమిచ్చు ఆంగ్లనామము పెట్టినారు. గులాబి మొదలైన దూరపు మొక్కలలో సైతము ముండ్లకు ఈ కుటుంబపు జన్యువులే కారణమని తేలినది. మన పూర్వులు ముల్లు తక్కువైన వంగ విత్తనమునే ఏటేట ఏరి దాచుచు, తెలియకయే ఈ ఒంటరివానిని ఇల్లు వెడలగొట్టినారు.

ఎరూబియాకు అట్టి రైతు దొరకలేదు. దొరికినది పశువులరైతు. 1898లో దీవి స్పెయిను చేతినుండి అమెరికా చేతికి వచ్చిన తరువాత చెరకు తోటలు విస్తరించినవి; కొండలలో కాఫీ, కయేయ్ ప్రాంతమున పొగాకు, తక్కినచోట పచ్చికబయళ్ళు. పొగాకు కూడ ఈ కుటుంబములోనిదేనని పైన అన్నాము. ఒక చుట్టమునకు చోటిచ్చుటకై ఇంకొక చుట్టమును అడవితో సహా నరికినారన్నమాట. 1940-50ల మధ్య ఆ ద్వీపములో మిగిలిన అడవి నూటికి ఆరు పాళ్ళు మాత్రమే. అడవిప్రియకు అడవియే లేకపోయినది. దానికి తోడు, ఆ పొద పశువులకు విషమని ప్రతీతి కలిగినది. కనబడిన చోటనెల్ల భూస్వాములు పెరికి పారవేసినారు.

వారిని నిందించుట తేలిక. ఆవు చచ్చిన ఇంట పాడి పోవును, అప్పు మిగులును. ఊరి పొలిమేరలో ఉమ్మెత్త మొలిచిన మనమును పెరికివేయమా? అడవి నిలిచియున్న కాలములో ఈ పెరుకుట వలన మొక్కకు పెద్ద నష్టము ఉండెడిది కాదు. అడవి పోయిన తరువాత మిగిలిన ప్రతి పొదయు జాతి మొత్తములో పెద్ద వాటా అయినది. ఆ లెక్క గొడ్డలి పట్టినవానికి తెలియదు. తెలిసినవారు చెప్పుటకు అక్కడ లేరు.

ఈ లోపల బెర్లినులో ఇంకొక ఘోరము జరిగినది. 1943 మార్చి 1వ తేదీ రాత్రి పడిన బాంబులకు అక్కడి వృక్షసంగ్రహాలయము అంటుకొన్నది. నలుబది లక్షల ఎండు నమూనాలలో ఎక్కువ భాగము బూడిదయైనది. ఉర్బాన్ జీవితమంతయు చేర్చిన వెస్టిండీసు సంపద చాలవరకు అందులో పోయినది. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఏ రేకును ఎదుట పెట్టుకొన్నారో అదియే ఆ పేరుకు దస్తావేజు. అది కాలిపోయిన, భూమి ఉండి పట్టా పోయినట్లు. సింటెనిస్ మొదలైన సేకర్తలు పంచిపెట్టిన జంట ప్రతులు ఇతర నగరములలో ఉండుటచేతనే ఆ దేశపు వృక్షశాస్త్రము మరల నిలదొక్కుకొన్నది. మా దృష్టిలో క్రూగ్ ధనము ఇచ్చిన అతి గొప్ప ఫలితము బెర్లినులో చేరినది కాదు, బెర్లిను వెలుపలికి పోయినది.

1980ల నాటికి ఎరూబియాకు ప్రధానమైన ఆశ్రయముగా మిగిలినది కయేయ్ దక్షిణమున జంటశిఖరములుగా నిలిచిన లాస్ తేతాస్ అను కొండచోటు. 1973 నాటి అమెరికా చట్టమును అనుసరించి 1988 ఆగస్టులో దీనిని నశించు ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చినారు. ఈ చట్టములో ఒక మెలిక ఉన్నది. జంతువునైనచో స్వంత పొలములోనైనను చంపరాదు. మొక్కను తన స్వంత భూమిలో యజమాని పెరికివేసినచో ఈ కేంద్రచట్టము సాధారణముగా అడ్డుపడదు. భూమికి అంటుకొన్నది భూస్వామిదేయను పాత భావన ఆ చట్టములో అట్లే నిలిచిపోయినది. పొలముగలవారి చేతనే పోయిన మొక్కకు ఇది ఎంతటి రక్షణయో శ్రోతలే ఊహింపవచ్చును. అందుచేత అక్కడి సంరక్షకులు విత్తనములు సేకరించి మొలకెత్తించుటను, భూస్వాములను ఒప్పించుటను కూడ నమ్ముకొనవలసి వచ్చినది.

ఇక ఒక ప్రశ్న. అది నిజముగా వేరు జాతియేనా? బహామా మొక్కకే ఒక కొండరూపమైనచో ఇంత ఆరాటమెందుకని అడుగువారు అడుగుదురు. లండను ప్రకృతిచరిత్ర సంగ్రహాలయమునకు చెందిన శాండ్రా నాప్ మొదలైనవారు ఆకులు, ముండ్లు కొలుచుటతో ఆగక జన్యుపదార్థమును కూడ పరీక్షించి 2010లో జవాబు ప్రకటించినారు. ఎరూబియా వేరు జాతియే. కాని ఆ వెదుకులాటలోనే పాత కాగితము ఒకటి తగిలినది. ఫ్రాన్సులోని మోంపెల్యే నగరపు డునాల్, 1813లోనే సొలానమ్ ప్రజాతిపై గ్రంథము వ్రాసిన మహానుభావుడు, షుల్జ్ కంటె చాల ముందుగానే ఈ మొక్కకు పేరు పెట్టియున్నాడు. సొలానమ్ ఎన్సిఫోలియమ్: కత్తివంటి ఆకులు గలది. 1909లో క్రొత్తది అనుకొన్నది క్రొత్తది కాదు.

నియమము ప్రకారము పాత పేరే నిలిచినది, అడవిప్రియ ఉపనామమైనది. పెరికివేయవలసినది అని నూరేండ్లు అనిపించుకొన్న మొక్కకు కత్తి పేరే దక్కినది. 1988లో చట్టపు జాబితాకు ఎక్కినది మాత్రము షుల్జ్ పెట్టిన పేరు. ఆ దీవిలో ఆ పొదను వెదకుచు కొండ ఎక్కువారు ఆ రెండు పేర్లను సంచిలో వేసికొని, త్రోవలో కనబడిన రైతును ఎరూబియా ఎక్కడనే అడుగుదురు.