చెనక్కాయల పాకంలో ఫ్రెంచి రుచి

బెల్లం కరిగి నురగ కట్టిందంటే మా జేజి కేక వేసేది: "పాపా, పళ్లెంలో రొన్ని నీళ్లు తేపో!" గరిటె అంచు నుంచి పాకం చుక్క ఆ నీళ్లలో పడేది. వేళ్ల మధ్య సాగితే తీగపాకం. మెత్తగా ముద్దకడితే ఉండపాకం. పళ్లేనికేసి కొట్టినప్పుడు టంగుమని మోగితే ముదురుపాకం, అదే చెనక్కాయల పాకానికి పనికొస్తుంది. గుత్తిలో కొత్త చెనక్కాయలు వొలిచే రోజుల్లో ఏ ఇంటి పొయ్యి దగ్గరైనా ఇదే పరీక్ష.

ఫ్రెంచి మిఠాయివాళ్లు పాకం మెట్లకు పెట్టుకున్న పేర్లు తెలుసుకున్నప్పుడు నాకు జేజి పళ్లెమే గుర్తొచ్చింది. ఒక మెట్టు ఫిలే, అంటే దారం. ఇంకా ముదిరితే బులే, అంటే ఉండ కట్టినది. ఆ పైది కాసే, అంటే టక్కున విరిగేది. థర్మామీటరు రాకముందు వాళ్లూ చల్లటి నీళ్లలోనే చుక్క వేసి చూసుకునేవాళ్లు. తీగ, ఉండ, ముదురు: ఈ వరసనే వాళ్లు వాళ్ల భాషలో చెప్పుకున్నారు. ముదురుపాకం దాటి వేడి 160 డిగ్రీలు మించితే చక్కెర ఎర్రబారి కమ్మటి చేదు పడుతుంది. అదే క్యారమెల్. మనం అయ్యో మాడిందని దించేసే చోటే వాళ్ల రుచి మొదలవుతుంది.

గుత్తి కోటకు ఫ్రెంచివాళ్లతో సంబంధం మాత్రం కత్తితోనే ముడిపడింది. కర్ణాటక యుద్ధాల కాలంలో ఈ కోటను ఏలిన మురారిరావు ఘోర్పడే తన గుర్రపుదళంతో ఒకసారి ఫ్రెంచివాళ్ల పక్షాన, ఇంకోసారి వాళ్ల శత్రువుల పక్షాన పోరాడాడు. ఫ్రెంచి కంపెనీ ఆయనకు జీతం బాకీ పడింది. 1756లో సావనూరు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు ఆ బాకీ పత్రాన్నే ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికిచ్చి రాజీ కుదుర్చుకున్నాడు, గుత్తిని నిలుపుకున్నాడు.

ఫ్రెంచి తీపితో అసలైన ముడి మనకు గోదావరి ఒడ్డున, యానాంలో పడింది. ఆ కథ చెప్పాలంటే ముందు చక్కెర సంగతి చెప్పాలి. ఫ్రాన్సులో అది చాలాకాలం మందుల అంగడి సరుకు. పద్దెనిమిదో శతాబ్దంలో కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాందొమాంగ్‌లో బానిసలు పండించిన చెరకు వల్ల ఎక్కువగా పారిస్ మిఠాయి బల్లలు నిండాయి. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. 1804లో ఆ నేల హైతీ పేరుతో స్వతంత్ర దేశమైంది. ఫ్రెంచివాళ్లు సొంతగడ్డ మీద బీటుదుంప నుంచి చక్కెర తీయడం మొదలుపెట్టారు. ఇంకోవైపు హిందూ మహాసముద్రంలో తమకు మిగిలిన బూర్బోన్ దీవిలో, అంటే ఇవాళ్టి రీయూనియన్‌లో, చెరకు తోటలు పెంచారు.

ఆ తోటలకు మనుషులు కావాలి. 1828లో యానాం రేవు నుంచి తెలుగు కూలీల తొలి జట్టు ఓడెక్కింది. అక్కడి కాగితాల్లో వాళ్ల పేరు తెలింగాలు. రెండు మూడేళ్లు తిరక్కుండానే మూడు వేల మందికి పైగా భారతీయులు ఆ దీవి చేరారు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒప్పందంలో రాసిన జీతం చేతికి సరిగా అందలేదు. కూలీలు ఫిర్యాదులు చేశారు, చాలామంది తిరిగొచ్చేశారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక పుదుచ్చేరి, కారైకాల్, యానాంల నుంచి మళ్లీ ఓడలు కదిలాయి. ఇవాళ ఆ దీవిలో వాళ్ల వారసులను మలబార్లు అంటారు, ఇంట్లో తెలుగు మాట వినపడదు. ఫ్రెంచి తీపి గురించి రాసేటప్పుడు ఈ మనుషులను పక్కన పెట్టడం నాకు చేతకాదు.

వెనిల్లా కథా ఆ దీవిదే. మెక్సికో నుంచి తెచ్చిన ఆ తీగ పూసేదే గానీ కాసేది కాదు. పువ్వు ఒక్కరోజే విచ్చుకుంటుంది, దాన్ని ఫలదీకరించే తేనెటీగ అక్కడ లేదు. 1841లో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రవాడు సన్నటి పుల్లతో, బొటనవేలితో ఆ పని చేసి చూపించాడు. ప్రపంచంలో వెనిల్లా తోటల్లో నేటికీ అదే పద్ధతి. స్వేచ్ఛ దొరికాక ఆల్బియస్ అన్న ఇంటిపేరు వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. 1880లో పేదవాడిగానే పోయాడు.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. ఫ్రెంచి ప్రాలీన్‌కు అసలు బాదం వాడతారు. దాని చెల్లెలు షూషూ మాత్రం మన చెనక్కాయలదే. అక్కడ సముద్రపు ఒడ్డున పొట్లాలు కట్టి అమ్ముతారు. పంతొమ్మిదో శతాబ్దంలో పుదుచ్చేరి నుంచి మార్సేయి నూనె మిల్లులకు ఓడల్లో వేరుశెనగలు వెళ్లేవి కూడా. షూషూకి గింజలు 200 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, నీళ్లు పావు గ్లాసు, అన్నీ ఒకేసారి మందపాటి బాణలిలో వేసి కలుపుతూ ఉండాలి. నీరింకాక చక్కెర ఇసుకలా గింజలకు పట్టుకుంటుంది. చెడిపోయిందని దించొద్దు. సన్నని సెగమీద ఇంకా తిప్పితే ఆ ఇసుకే కరిగి ఎర్రటి పూతవుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి విడదీయాలి.

క్యారమెల్ కస్టర్డ్‌కు ఓవెన్ అక్కర్లేదు, ఇడ్లీపాత్ర చాలు. 100 గ్రాముల చక్కెరను రెండు చెంచాల నీళ్లతో తేనెరంగు వచ్చేదాకా కాచి స్టీలు గిన్నె అడుగున పోయాలి. అరలీటరు పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక నాలుగు గుడ్లు, 80 గ్రాముల చక్కెర, చుక్క వెనిల్లా నురగ రాకుండా కలిపి వడగట్టి దానిమీద పోయాలి. మూత గట్టిగా పెట్టి, సన్నసెగ మీద అరగంట ఆవిరి పట్టాలి. మంట పెద్దదైతే గుడ్డు విరిగి బొరియలు పడతాయి, ఇక్కడ ఓపికే ముఖ్యం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే అడుగున గట్టిపడిన క్యారమెల్ కరిగి పాకమవుతుంది. పొద్దున చాకుతో అంచులు విడదీసి, గిన్నె మీద లోతు పళ్లెం మూసి ఒక్క విసురున తలకిందులు చేస్తే, జల్లుమని ఎర్రటి పాకం నాలుగు వైపులా దిగుతుంది.