యోక్ అంటే కాడే

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడపాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న: జాయ్‌స్టిక్ కొనాలా, యోకా? యోక్ అంటే అచ్చంగా మన కాడే. ఎడ్ల మెడ మీద వేసేదానికి ఇంగ్లిషులో అదే పేరు. సంస్కృతంలోని ‘యుగం’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే; ఆ మాటకు కాడి అనే అర్థమూ ఉంది. కాక్‌పిట్‌లో ఈ కాడిని పక్కకు తిప్పితే రెక్కలు వాలతాయి, వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు నెడితే దిగుతుంది.

జాయ్‌స్టిక్ వీడియో గేముల మాట కాదు, విమానాలదే. 1910 నాటికే బ్రిటిష్ నటుడు, వైమానికుడు రాబర్ట్ లొరేన్ డైరీలోకి ఎక్కింది.

సెస్నా 172, బోయింగ్ 737లలో ఉండేది యోక్. ఎయిర్‌బస్ ఎ320లో చిన్న సైడ్‌స్టిక్, అదీ కెప్టెన్‌కు ఎడమచేతి వైపు. యుద్ధవిమానాల్లోనూ స్టిక్కే.

ఇక ఇంట్లో అయితే యోక్‌ను బల్లకు గట్టిగా బిగించాలి, రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్స్ విడిగా కొనాలి. చాలా జాయ్‌స్టిక్‌లలో పిడిని మెలితిప్పితే చాలు, రడ్డర్ కదులుతుంది. కాబట్టి మొదటిసారి కొనేవారికి జాయ్‌స్టికే మేలు. సెస్నా, బోయింగ్‌ల మీదే మనసుంటే మాత్రం కాడి ఎత్తుకోండి.