ఇంటి రౌటర్లలో ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్: చరిత్ర

ఇంటి వైర్‌లెస్ రౌటర్‌లో తయారీదారు పెట్టి పంపిన సాఫ్ట్‌వేర్‌ను (ఫర్మ్‌వేర్‌ను) తీసేసి, ఎవరైనా చదివి మార్చుకోగలిగిన మరో సాఫ్ట్‌వేర్‌ను దాని ఫ్లాష్ మెమరీలోకి ఎక్కించే పద్ధతి ఇది. వాడుకలో దీన్ని ‘ఫ్లాష్ చేయడం’ అంటారు. 2003లో లింక్‌సిస్ తన రౌటర్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టాల్సి రావడంతో ఇది ఉద్యమంలా మొదలైంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, డీడీ-డబ్ల్యూఆర్‌టీ, టొమాటో ఇందులో ప్రధానమైనవి. మొదట తలుపు తెరిచింది ఒక లైసెన్సు షరతు. తర్వాత దాన్ని మూయబోయినవి మూడు: మెమరీ చిప్పు ధర, రహస్యంగా ఉంచిన రేడియో డ్రైవర్లు, ప్రభుత్వాల తరంగ నిబంధనలు. ఈ కథలో ఆస్ట్రేలియాకు రెండు విధాలుగా చోటుంది. రౌటర్ లోపలి సాంకేతికతలో కొంత అక్కడ పుట్టింది. కానింగ్ వేల్ లాంటి పెర్త్ శివారు ఇళ్లలో దాని అవసరం రోజూ కనిపిస్తుంది.

నేపథ్యం

రౌటర్ నిజానికి తెర, కీబోర్డు లేని చిన్న కంప్యూటర్. ప్రాసెసరు, కొన్ని మెగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్కు బదులు ఫ్లాష్ చిప్పు, రేడియో, నాలుగైదు ఈథర్నెట్ పోర్టులు ఉంటాయి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరకడం, నెట్‌వర్కింగ్‌లో గట్టిది కావడం వల్ల 2000 తర్వాత చౌక రౌటర్ల తయారీదారులు దానివైపు మొగ్గారు.

ఇంట్లోని పది పరికరాలు ఒకే ఇంటర్నెట్ చిరునామా పంచుకోవాలన్నా, బయటి నుంచి వచ్చే అనవసర ట్రాఫిక్‌ను గుమ్మం దగ్గరే ఆపాలన్నా లైనక్స్‌లో ఆ పని చేసేది నెట్‌ఫిల్టర్ అనే భాగం. దానికి ఆద్యుడు ఆస్ట్రేలియన్ ప్రోగ్రామర్ రస్టీ రస్సెల్. 2001 జనవరిలో వెలువడిన లైనక్స్ 2.4తో అది కెర్నెల్‌లో భాగమైంది. చిన్న ప్రాసెసర్లకు లైనక్స్‌ను కుదించిన యూసీలైనక్స్ అభివృద్ధిలో బ్రిస్బేన్‌కు చెందిన గ్రెగ్ అంగరర్ ముఖ్యుడు. ఆయన పనిచేసిన కంపెనీ తర్వాత స్నాప్‌గేర్ పేరుతో లైనక్స్ మీద నడిచే చిన్న ఫైర్‌వాల్ రౌటర్లను అమ్మింది. యూసీలైనక్స్ కోసం రాసిన యూసీలిబ్‌సీ అనే కోడ్ లైబ్రరీయే తర్వాత ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి తొలి పునాది అయింది.

వైఫై రేడియోలోనూ ఆస్ట్రేలియా వాటా ఉంది. గోడలకు, సామానుకు తగిలి ప్రతిధ్వనించే తరంగాలను విడదీసి అర్థం చేసుకునే పద్ధతిని ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓలో జాన్ ఓసల్లివన్ బృందం రూపొందించింది. 1996లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. ఆ సంస్థ మొదట కోర్టుకు ఈడ్చిన కంపెనీ బఫెలో. 2007లో అమెరికా కోర్టు బఫెలో వైఫై పరికరాల అమ్మకాలను నిలిపివేసింది. కొన్నేళ్లకు అదే బఫెలో డీడీ-డబ్ల్యూఆర్‌టీని ఫ్యాక్టరీలోనే ఎక్కించి రౌటర్లు అమ్మింది.

2003: లింక్‌సిస్ వ్యవహారం

 2003 జనవరి నాటికి లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ మార్కెట్లోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నీలం, నలుపు రంగుల పెట్టె, వెనక రెండు యాంటెన్నాలు, 125 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 4 ఎంబీ ఫ్లాష్, 16 ఎంబీ ర్యామ్. లోపల లైనక్స్ నడుస్తోందని పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

ఆ ఏడాది మార్చిలో లింక్‌సిస్‌ను సుమారు 50 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సిస్కో ప్రకటించింది. జూన్‌లో ఆండ్రూ మిక్లస్ అనే ప్రోగ్రామర్ ఆ రౌటర్ ఫర్మ్‌వేర్‌ను విప్పి చూసి, అందులో లైనక్స్ కెర్నెల్‌తో పాటు జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న మరికొన్ని ప్రోగ్రాములు ఉన్నాయని లైనక్స్ డెవలపర్లకు తెలియజేశాడు. జీపీఎల్ షరతు సూటిగా ఉంటుంది: ఈ కోడ్‌ను వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ ప్రోగ్రామును పంచినవాళ్లు దాని సోర్స్ కోడ్‌ను కూడా కొన్నవాళ్లకు అందుబాటులో ఉంచాలి. లింక్‌సిస్ ఆ పని చేయలేదు. ఫర్మ్‌వేర్ రాసింది లింక్‌సిస్ కూడా కాదు. చిప్పు బ్రాడ్‌కామ్‌ది, కోడ్ తైవాన్‌కు చెందిన సైబర్‌ట్యాన్‌ది. అంచెలంచెలుగా చేతులు మారిన ఆ కోడ్‌తో పాటు లైసెన్సు బాధ్యత కూడా చివరికి సిస్కో నెత్తిన పడింది. ఒత్తిడి పెరగడంతో కొద్ది వారాలకే లింక్‌సిస్ సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. వివాదం అక్కడితో ఆగలేదు. 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కో మీద దావా వేసింది. 2009 మేలో రాజీ కుదిరింది.

తొలి ఫర్మ్‌వేర్లు

బయటికొచ్చిన కోడ్‌తో ఔత్సాహికులు మొదట చిన్న చిన్న మార్పులు చేశారు. ప్రసార శక్తిని పెంచడం, లాగిన్ సౌకర్యం చేర్చడం లాంటివి. 2004 జనవరిలో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మరో దారి పట్టింది. లింక్‌సిస్ కోడ్‌కు మెరుగులు దిద్దడం మాని, రౌటర్‌ను పూర్తి లైనక్స్ పంపిణీగా మార్చి, కావలసిన ప్యాకేజీలను ఒక్కొక్కటిగా చేర్చుకునే వీలు కల్పించింది. దాని తొలి విడుదలలకు కాక్‌టెయిళ్ల పేర్లు పెట్టేవారు: వైట్ రష్యన్, కామికాజి, బ్యాక్‌ఫైర్. లాగిన్ అయితే తెర మీద ఆ పానీయం కలిపే కొలతలు కనిపించేవి.

ఇదే కాలంలో స్వీసాఫ్ట్ అనే ప్రాజెక్టు తన కొత్త విడుదలలకు ఏడాదికి 20 డాలర్ల చందా పెట్టి, జీపీఎల్ స్ఫూర్తికి విరుద్ధమన్న విమర్శ తెచ్చుకుంది. ఆ వివాదంలోంచే జర్మనీకి చెందిన సెబాస్టియన్ గాట్‌షాల్ రూపొందించిన డీడీ-డబ్ల్యూఆర్‌టీ వచ్చింది. 2006లో జోనథన్ జరాటే విడుదల చేసిన టొమాటో, లైను మీద ఎంత ట్రాఫిక్ పోతోందో గ్రాఫులుగా చూపే తేలికైన పేజీలతో ఇళ్లలో ఆదరణ పొందింది. 2010లో దాని అసలు రచయిత విడుదలలు ఆపినా, ఫ్రెష్‌టొమాటో లాంటి శాఖలు కొనసాగుతున్నాయి.

ఎక్కించే విధానం, ‘బ్రిక్’ భయం

తొలి రోజుల్లో డబ్ల్యూఆర్‌టీ54జీని ఫ్లాష్ చేయడంలో కిటుకంతా కొన్ని సెకన్లలో ఉండేది. కరెంటు ఇవ్వగానే బూట్‌లోడర్ అసలు ఫర్మ్‌వేర్‌ను పిలిచే ముందు కాసేపు ఆగి, ఎవరైనా కొత్త ఫైలు పంపుతున్నారేమో చూసేలా ‘బూట్ వెయిట్’ అనే అమరిక పెట్టాలి. దాన్ని పెట్టడానికి తయారీదారు దారి ఇవ్వలేదు. రౌటర్ పరీక్షా పేజీలో పింగ్ చిరునామా రాసే గడిలో ఆదేశాలు రాస్తే అవి అమలైపోయే లోపం ఒకటి ఉండేది. దొంగలకు పనికొచ్చే ఆ లోపాన్నే యజమానులు వాడుకున్నారు. ఆ తర్వాత కంప్యూటరుకు స్థిర చిరునామా ఇచ్చి, 192.168.1.1కు టీఎఫ్‌టీపీ ద్వారా సెకనుకోసారి ఫైలు పంపే ప్రయత్నం మొదలుపెట్టి, అప్పుడు రౌటర్ ప్లగ్గు పెట్టాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేచేటప్పుడు ముందువైపు డీఎంజెడ్ దీపం వెలిగి, పని పూర్తయ్యాక ఆరిపోతుంది. అది ఆరిందంటే గండం గడిచినట్టే.

మధ్యలో కరెంటు పోయినా, వేరే మోడల్ ఫైలు ఎక్కించినా రౌటర్ ఇటుకలా పడి ఉంటుంది. ‘బ్రిక్ అయింది’ అన్న మాట అలా వచ్చింది. చివరి ప్రయత్నంగా కొందరు పెట్టె విప్పి ఫ్లాష్ చిప్పు 15, 16 కాళ్లను సూదిమొనతో కలిపేవారు. చిప్పులోని కోడ్ తప్పుగా చదివించి, బూట్‌లోడర్‌ను మళ్లీ ఫైలు కోసం ఎదురుచూసేలా చేయడం దాని ఉద్దేశం. పని జరిగితే రౌటర్ బతుకుతుంది, లేకపోతే పూర్తిగా పోతుంది. తర్వాతి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మూల వ్యవస్థను చెరపలేని భాగంలో ఉంచి, మార్పులను దాని మీద వేరే పొరగా రాయడం, ఫెయిల్‌సేఫ్ మోడ్ రావడంతో ఈ భయం తగ్గింది.

మూతలు, చీలికలు

2005 చివర్లో వచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ ఐదో వెర్షన్‌లో లింక్‌సిస్ లైనక్స్‌ను తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టింది. దానికి తక్కువ చోటు చాలు కాబట్టి ఫ్లాష్‌ను 2 ఎంబీకి, ర్యామ్‌ను 8 ఎంబీకి తగ్గించి ఖర్చు మిగుల్చుకుంది. లైనక్స్ కావాలనే కొనుగోలుదారులు చేజారిపోకుండా పాత చిప్పులతోనే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో మరో మోడల్ తెచ్చింది. అది ఏళ్ల తరబడి అమ్ముడైంది.

రెండో అడ్డంకి రేడియో డ్రైవరు. బ్రాడ్‌కామ్ తన వైఫై డ్రైవరును సోర్స్ లేకుండా, పాత 2.4 కెర్నెల్‌కు అతికే రూపంలోనే ఇచ్చింది. దాంతో మిగతా లైనక్స్ ముందుకు సాగినా ఈ రౌటర్లు పాత కెర్నెల్‌కే కట్టుబడి ఉండిపోయాయి. 2008లో ఎథెరోస్ తన కొత్త చిప్పులకు సోర్స్‌తో సహా డ్రైవరు ఇవ్వడంతో ఓపెన్ ఫర్మ్‌వేర్ వాడేవారి మొగ్గు ఆ చిప్పులున్న రౌటర్ల వైపు మళ్లింది.

మూడోది ప్రభుత్వం నుంచి వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ పరికరాల రేడియో అమరికలను వాడుకదారు మార్చకుండా ఎలా కాపాడుతున్నారో చెప్పమని అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తయారీదారులను కోరింది. ఆ మార్గదర్శకాల్లో డీడీ-డబ్ల్యూఆర్‌టీ పేరు కూడా ఉండటంతో 2015లో దుమారం రేగింది. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌సీసీ ఆ మార్గదర్శకాల భాష మార్చింది. 2016లో ఎఫ్‌సీసీతో రాజీలో భాగంగా రౌటర్ల తయారీదారు టీపీ-లింక్ 2 లక్షల డాలర్లు చెల్లించి, ఇతరుల ఫర్మ్‌వేర్‌కు వీలుండేలా ప్రయత్నిస్తామని ఒప్పుకుంది.

2016 మేలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ డెవలపర్లలో కొందరు నిర్వహణ తీరు నచ్చక విడిపోయి ఎల్ఈడీఈ అనే ప్రాజెక్టు పెట్టారు. 2018 జనవరిలో రెండూ మళ్లీ కలిశాయి. పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీదే నిలిచింది, పని పద్ధతి మాత్రం ఎల్ఈడీఈది.

కానింగ్ వేల్ ఇళ్లలో

కానింగ్ వేల్ పెర్త్‌కు దక్షిణాన ఉన్న శివారు. భారతీయ కుటుంబాలు బాగా స్థిరపడిన ప్రాంతం. పెర్త్ ఇళ్లు మామూలుగా ‘డబుల్ బ్రిక్’ కట్టడాలు: బయటి గోడ, లోపలి గోడ రెండూ ఇటుకవే, మధ్య ఖాళీ. లోపలి గదుల గోడలు కూడా ఎక్కువగా ఇటుకవే. ముందు గదిలోని రౌటర్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వెనకవైపు పడకగదికి చేరేసరికి నీరసిస్తుంది. అటకెక్కిన పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, కేబుల్‌తో కలిపి రెండో యాక్సెస్ పాయింటుగా పెట్టుకోవడం ఇలాంటి ఇళ్లకు చౌకైన పరిష్కారం.

2009లో ఏర్పడిన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఎన్‌బీఎన్ కో కనెక్షన్ ఏ రకమన్నదాన్ని బట్టి సొంత రౌటర్ పెట్టుకునే స్వేచ్ఛ ఉంటుంది. ఇంటిదాకా ఫైబర్ వస్తే గోడకున్న ఎన్‌బీఎన్ పెట్టె నుంచి ఈథర్నెట్ తీగ తీసి నచ్చిన రౌటర్‌కు పెట్టుకోవచ్చు. వీధి చివరి నోడ్ నుంచి రాగి తీగ వచ్చే ఇళ్లకు వీడీఎస్ఎల్ మోడెమ్ తప్పదు. అలాంటి మోడెమ్ చిప్పుల్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిపేవి కొద్దే కాబట్టి కంపెనీ మోడెమ్‌ను బ్రిడ్జి మోడ్‌లో ఉంచి, దాని వెనక సొంత రౌటర్ పెట్టడం పరిపాటి. విశేషమేమంటే, టెల్‌స్ట్రా లాంటి కంపెనీలు ఇచ్చిన టెక్నికలర్ గేట్‌వేల్లోని ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీద కట్టిందే. తెలియకుండానే అది చాలా ఇళ్లలో ఉంది, తాళం మాత్రం కంపెనీ దగ్గరుంది.

డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ బాగా తక్కువగా ఉండటం ఎన్‌బీఎన్ ప్లాన్ల లక్షణం. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంటిని తీసుకుంటే, పెర్త్‌లో రాత్రి ఎనిమిదింటికి, అంటే హైదరాబాద్‌లో సాయంత్రం ఐదున్నరకు, అమ్మమ్మతో వీడియో కాల్ నడుస్తుంటుంది. అదే సమయంలో పక్కగదిలో ఫోను పుట్టినరోజు ఫోటోలను క్లౌడ్‌కు పంపడం మొదలుపెడుతుంది. మోడెమ్ బఫరులో ఒక మెగాబైటు పేరుకుంటే అది ఖాళీ కావడానికి 0.4 సెకను పడుతుంది. కాల్ ప్యాకెట్లు ఆ వరుస చివర నిలబడతాయి, మాట తెగిపోతుంది. వేగానికి లోటు లేకపోయినా కాల్ చెడిపోయే ఈ జబ్బుకు ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. 2012లో లైనక్స్‌లో చేరిన ఎఫ్‌క్యూ-కోడెల్, 2018లో చేరిన కేక్ అనే క్యూ నిర్వహణ పద్ధతులు దీనికి మందులు. డేవ్ టాట్ నడిపిన సెరోడబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ శాఖ ఈ పరిశోధనకు ప్రయోగశాల అయింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఈ పద్ధతులను వాడే ఎస్‌క్యూఎం ప్యాకేజీ చేర్చి, అప్‌లోడ్‌ను అసలు వేగం కన్నా కాస్త తక్కువకు, 18 ఎంబీపీఎస్ దగ్గర కట్టేస్తే క్యూ మోడెమ్‌లో కాక రౌటర్‌లో ఏర్పడుతుంది. అక్కడ ఫోటోలు ఆగి, కాల్‌కు దారి ఇస్తాయి.

రేడియో విషయంలో దేశం అమరిక తప్పనిసరి. 2018 అక్టోబరులో భారత్ లైసెన్సు అక్కర్లేకుండా వదిలిన 5 గిగాహెర్ట్జ్ పట్టీల్లో 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నది ఒకటి. ఆస్ట్రేలియా మాత్రం వాతావరణ రాడార్ల కోసం అందులోని 5600–5650 భాగాన్ని వైఫైకి ఇవ్వలేదు. భారత్ నుంచి తెచ్చుకున్న రౌటర్‌లో దేశం ఆస్ట్రేలియాగా మార్చకపోతే అది ఆ నిషిద్ధ చానళ్లను ఎంచుకునే ప్రమాదం ఉంది. తాళం తీసిన రౌటర్‌లో నిబంధన పాటించే బాధ్యత కంపెనీ నుంచి ఇంటివాళ్లకు మారుతుంది.

ఇటీవలి పరిణామాలు

2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ సుమారు 5 లక్షల రౌటర్లు, నిల్వ పరికరాల్లో చొరబడింది. కంపెనీ అప్‌డేట్లు ఆగిన పెట్టెలు ఎంత ప్రమాదమో అప్పుడు జనానికి తెలిసింది. ఓపెన్ ఫర్మ్‌వేర్‌కు ఇదే బలమైన వాదన అయింది. 2024 చివర్లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, బనానా పై సంస్థలతో కలిసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు తన సొంత రౌటర్ ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్’ను 89 డాలర్లకు తెచ్చింది. 1 జీబీ ర్యామ్‌తో పాటు అందులో రెండు ఫ్లాష్ చిప్పులున్నాయి. ఒకదానిలో తప్పు ఫైలు పడితే ఒక స్విచ్చి మార్చి రెండోదాని నుంచి లేపవచ్చు. సూదిమొన అవసరం తీరింది.

అయితే ఓపెన్ ఫర్మ్‌వేర్ కూడా పాత పెట్టెలన్నిటినీ మోయలేకపోయింది. కెర్నెల్ పెరిగేకొద్దీ చోటు చాలక, 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న రౌటర్లకు 2020 నాటి 19.07 వరుసే చివరిదైంది. 16 ఎంబీ ర్యామ్‌ది అంతకుముందే ముగిసింది. డబ్ల్యూఆర్‌టీ54జీ ఆ వర్గంలోనిదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి ‘డబ్ల్యూఆర్‌టీ’ అన్న పేరిచ్చిన పెట్టెలో నేటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టదు.