పద్నాలుగు సీట్లలో మన సీటు ఏది?

మనలో ఎవరికైనా పీజీ సీటు వస్తే చాలు, "మీకేంలే, కోటా ఉంది" అంటారు. హాస్టల్లో మనమంతా విన్న మాటే. జవాబు చరిత్రలో ఉంది.

1950లో మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లకు ఒక లెక్కన పంచేవాళ్లు. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లకు కలిపి 1, ముస్లింలకు 1. కూడి చూడండి, 14 అయిపోయాయి. గిరిజనులన్న పేరే లేదు! అందరికీ వాటా ఉన్న రోజుల్లో మనం గడప బయటే ఉన్నాం.

1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ 15(4)ను తెచ్చింది. అందులో షెడ్యూల్డ్ తెగల పేరు ఉంది. 1956లో ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు, ఎరుకలు, యానాదులు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఈరోజు మన రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లలో మనకు 6 శాతం.

మా ఇళ్లలో కాలేజీకి వచ్చిన మొదటివాళ్లం మేమే. అందుకే చెప్తున్నాం: కుల సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి. పీజీసెట్ అప్లికేషన్‌లో ఎస్టీ అని తలెత్తుకుని రాయండి.