లంకమల కొండ యాత్రలు

లంకమల కొండ యాత్రలు వైఎస్సార్ కడప జిల్లాలో మైదుకూరుకు ఆగ్నేయంగా, ఎర్రచందనపు అడవుల్లో సాగే సామూహిక కాలినడక యాత్రలు. వీటికి మూలం శివభక్తి. సిద్ధవటం వైపు నిత్యపూజకోన, బద్వేలు వైపు లంకమల్లేశ్వర క్షేత్రం ప్రధాన గమ్యాలు. కార్తీకంలో, మహాశివరాత్రికి ఊళ్ల నుంచి బృందాలు కదులుతాయి. రాళ్లదారిలో పిల్లలకు, వృద్ధులకు తోటివారే చేయూత. అన్నదానాల దగ్గర ఊరూ పేరూ తెలియనివారంతా ఒకే పంక్తిలో కూర్చుంటారు. ఈ కలయికే యాత్రకు ప్రాణం. వానలు వెనకపడితే కోనల్లో నీరు తగ్గుతుంది, ఎండ తీవ్రం. అందుకే నడక తెల్లవారుజామునే మొదలవుతుంది. ఈ అడవిలో సుమారు 464 చదరపు కిలోమీటర్లు లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో ఈ ప్రాంతంలోనే మళ్లీ కనిపించింది.